ఆరోగ్య బీమా పత్రాల ఎలక్ట్రానిక్ బట్వాడా: అమెరికా రాష్ట్రాల చట్టాలు

బీమా సంస్థ తన పాలసీదారుకు పంపవలసిన పత్రాలను తపాలాలో వేయకుండా ఈ-మెయిల్‌లో పంపడాన్ని, లేదా వెబ్‌సైట్‌లో ఉంచి ఆ కబురు తెలియజేయడాన్ని ఎలక్ట్రానిక్ బట్వాడా అంటారు. అమెరికా సంయుక్త రాష్ట్రాల్లో ఆరోగ్య బీమా విషయంలో ఈ పద్ధతి ఎప్పుడు చెల్లుతుందో, దానికి ఎవరి సమ్మతి కావాలో, ఏ పత్రం కాగితం మీదే రావాలో చాలావరకు ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం చట్టం చేసి నిర్ణయించుకుంది. పైకి ఇది కాగితం, తపాలా ఖర్చులు తగ్గించే ఏర్పాటులా కనిపిస్తుంది. కానీ పంపిన పత్రం చూడవలసిన మనిషి కంట పడకపోతే ఆ నష్టం ఎవరి నెత్తిన పడాలన్నదే ఈ చట్టాలన్నిటికీ మూలమైన ప్రశ్న. ఒక్కో రాష్ట్రం దానికి ఒక్కో జవాబు చెప్పింది.

ఈ పత్రాలన్నీ ఒక్క కోవకు చెందినవి కావు. పాలసీ ప్రతి, గుర్తింపు కార్డు, ఏడాదికోసారి వచ్చే ప్రయోజనాల సారాంశం ఒక రకం. ఆలస్యంగా చూసినా వీటితో పెద్ద ప్రమాదం లేదు. చికిత్సకు డబ్బు చెల్లించబోమని చెప్పే తిరస్కరణ లేఖ, పాలసీ రద్దు నోటీసు వేరే రకం. అవి చేరిన రోజు నుంచి గడువులు నడవడం మొదలవుతుంది. ఈ తేడాను గుర్తించిన చట్టం పాలసీదారును కాపాడుతుంది. గుర్తించని చట్టం సంస్థకు మాత్రమే వెసులుబాటు ఇస్తుంది.

రాష్ట్రాల చేతికి ఎలా వచ్చింది

బీమా అంతర్రాష్ట్ర వాణిజ్యం కిందికి రాదని 1869లో పాల్ వర్సెస్ వర్జీనియా కేసులో అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. దాంతో ముప్పావు శతాబ్దం పాటు బీమాపై అజమాయిషీ రాష్ట్రాలదే అయింది. 1944లో సౌత్ ఈస్టర్న్ అండర్‌రైటర్స్ కేసులో అదే కోర్టు ఆ మాటను వెనక్కి తీసుకుంది. మరుసటి ఏడాదే కాంగ్రెస్ మెకారన్-ఫెర్గూసన్ చట్టం చేసి, బీమా నియంత్రణను మళ్లీ రాష్ట్రాలకే అప్పగించింది. నేటికీ ప్రతి రాష్ట్రానికీ సొంత బీమా కోడ్, సొంత బీమా శాఖ ఉన్నాయి. టెక్సస్ తన బీమా కోడ్‌లో 35వ అధ్యాయాన్ని ఎలక్ట్రానిక్ లావాదేవీలకే కేటాయించింది.

అయితే రాష్ట్రాల అధికారం అందరి దాకా చేరదు. ఉద్యోగుల వైద్య ఖర్చులను బీమా కొనకుండా సొంత డబ్బుతోనే భరించే కంపెనీల పథకాలు 1974 నాటి కేంద్ర చట్టం ఎరిసా కిందికి వస్తాయి. వాటికి రాష్ట్ర బీమా చట్టాలు వర్తించవు. కైజర్ ఫ్యామిలీ ఫౌండేషన్ 2024 సర్వే ప్రకారం యాజమాన్య పథకాల్లో ఉన్న ఉద్యోగుల్లో 63 శాతం మంది ఇలా సొంత నిధులతో నడిచే పథకాల్లోనే ఉన్నారు. పెద్ద కంపెనీలో పనిచేసే వ్యక్తి చేతిలోని కార్డు మీద పేరున్న బీమా సంస్థ ముద్రే కనిపిస్తుంది. కానీ చాలా సందర్భాల్లో ఆ సంస్థ లెక్కలు చూసే గుమాస్తా పనే చేస్తుంది, డబ్బు యజమానిది. ఈ సంగతి తెలియక రాష్ట్ర బీమా శాఖకు ఫిర్యాదు చేసి, ఇది మా పరిధిలోది కాదన్న జవాబు అందుకునేవారు ఉంటారు.

ఉత్తరం నుంచి ఈ-మెయిల్ దాకా

సరైన చిరునామా రాసి, స్టాంపు అంటించి తపాలాలో వేసిన ఉత్తరం చేరినట్టే భావించాలన్నది ఆంగ్లో-అమెరికన్ న్యాయంలో పాత సూత్రం. 1884లో రోజెంతాల్ వర్సెస్ వాకర్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని స్థిరపరిచింది. అయితే అది తిరుగులేని నిర్ణయం కాదు, ఒక భావన మాత్రమే. ఉత్తరం తనకు అందలేదని అవతలివారు సాక్ష్యంతో చూపవచ్చు. తపాలా బంట్రోతు రోజూ గడప దాకా వచ్చే దేశంలో ఆ భావనకు గట్టి పునాది ఉంది. ఈ-మెయిల్‌కు అంత పునాది లేదు. మనిషి ఇల్లు మారితే తపాలా శాఖ కొత్త చిరునామాకు ఉత్తరాన్ని మళ్లిస్తుంది. ఈ-మెయిల్ చిరునామా మారితే మళ్లించేవారు ఎవరూ ఉండరు.

1999లో ఏకరూప చట్టాల సంఘం ఎలక్ట్రానిక్ లావాదేవీలకు ఒక నమూనా చట్టం తయారుచేసింది. దాన్ని యూఈటీఏ అంటారు. న్యూయార్క్ తప్ప మిగతా 49 రాష్ట్రాలూ దాన్ని స్వీకరించాయి. న్యూయార్క్ అదే ఏడాది సొంత చట్టం చేసుకుంది. ఎలక్ట్రానిక్ రూపంలో ఉన్నంత మాత్రాన ఒక పత్రాన్నిగానీ సంతకాన్నిగానీ చెల్లదనకూడదన్నది యూఈటీఏ ప్రధాన సూత్రం. ఇరుపక్షాలూ ఎలక్ట్రానిక్ పద్ధతికి ఒప్పుకుంటేనే అది వర్తిస్తుంది. ఆ ఒప్పుకోలును సందర్భాన్ని బట్టి ఊహించుకునే అవకాశాన్ని కూడా చట్టం ఇచ్చింది. 15వ సెక్షనులో మరో ముఖ్యమైన మాట ఉంది. గ్రహీత చెప్పిన మెయిల్ పెట్టెలోకి సందేశం ప్రవేశించగానే అది అందినట్టే లెక్క. అది వచ్చిందని ఏ మనిషికీ తెలియకపోయినా సరే. ఇద్దరు వ్యాపారుల మధ్య ఈ సూత్రం న్యాయమే. కీమో చికిత్సలో ఉన్న రోగికి, బీమా సంస్థకు మధ్య ఇది అంత తేలిగ్గా ఒప్పుకోదగ్గది కాదు.

కేంద్రం తరఫున ఇ-సైన్ చట్టం వచ్చింది. అధ్యక్షుడు బిల్ క్లింటన్ 2000 జూన్ 30న ఫిలడెల్ఫియాలో దానిపై మొదట కలంతోనూ, తర్వాత స్మార్ట్‌కార్డుతోనూ సంతకం చేశారు. కార్డుకు వాడిన సంకేతపదం ఆయన పెంపుడు కుక్క పేరు ‘బడీ’. చట్టం ఆ ఏడాది అక్టోబరు 1న అమల్లోకి వచ్చింది. బీమా వ్యాపారానికి కూడా వర్తిస్తుందని అందులో విడిగా రాశారు. వినియోగదారులకు యూఈటీఏ కంటే ఇది ఎక్కువ రక్షణ ఇచ్చింది. రాతపూర్వకంగా ఇవ్వాలని చట్టం చెప్పిన సమాచారాన్ని ఎలక్ట్రానిక్‌గా ఇవ్వాలంటే వినియోగదారు స్పష్టంగా సమ్మతించాలి. కాగితం ప్రతి కోరే హక్కు, సమ్మతిని వెనక్కి తీసుకునే హక్కు ఉన్నాయని సంస్థ ముందే చెప్పాలి. పత్రం తెరవడానికి ఏ కంప్యూటరు, ఏ సాఫ్ట్‌వేరు కావాలో చెప్పాలి. పత్రం ఏ రూపంలో వస్తుందో ఆ రూపంలో దాన్ని తాను తెరవగలనని తేలే విధంగా వినియోగదారు ఎలక్ట్రానిక్‌గానే సమ్మతి తెలపాలి. కాగితం ఫారంలో గడిలో టిక్కు పెడితే చాలదు. ఈ చివరి షరతు గొప్ప ఆలోచన. మనిషి ‘సరే’ అన్నాడా అని అడగడంతో ఆగక, అతనికి పత్రం నిజంగా తెరుచుకుంటుందా అని కూడా అడిగింది.

అదే చట్టంలోని 103వ సెక్షను కొన్నింటిని మినహాయించింది. నీరు, కరెంటు నిలిపివేత నోటీసులు, ఇల్లు ఖాళీ చేయమనే నోటీసులు, ప్రమాదకరమైన వస్తువులను వెనక్కి తీసుకునే ప్రకటనలు వంటివి వాటిలో ఉన్నాయి. ఆరోగ్య బీమా, ఆరోగ్య ప్రయోజనాల రద్దు నోటీసులను కూడా ఆ వరుసలోనే చేర్చారు. తాగునీటితో, తలదాచుకునే ఇంటితో సమానంగా ఆరోగ్య బీమాను లెక్కించిన చోటు ఇది. అయితే ఈ మినహాయింపు ఎలక్ట్రానిక్ రద్దు నోటీసును నిషేధించదు. ఇ-సైన్ దానికి చెల్లుబాటు ఇవ్వదు, అంతే. చెల్లుబాటు ఇవ్వాలో వద్దో రాష్ట్రం తన చట్టంలో చెప్పుకోవాలి. అందువల్లనే రాష్ట్ర చట్టంలోని ప్రతి మాటకూ ఇక్కడ అంత విలువ వచ్చింది.

రాష్ట్ర చట్టాల లోపలి కట్టు

2010 తర్వాత అనేక రాష్ట్రాలు బీమా పత్రాల ఎలక్ట్రానిక్ బట్వాడాకు ప్రత్యేక నిబంధనలు చేశాయి. ఒకదాన్ని చూసి ఒకటి రాసుకున్నవి కాబట్టి వాటి నిర్మాణంలో పోలిక కనిపిస్తుంది. బట్వాడా రెండు రకాలు. ఒకటి, పాలసీదారు ఇచ్చిన ఈ-మెయిల్ చిరునామాకు పత్రాన్నే పంపడం. రెండోది, పత్రాన్ని వెబ్‌సైట్‌లో ఉంచి, ఉంచామని విడిగా ఈ-మెయిల్‌లో తెలపడం. కబురు పంపకుండా వెబ్‌సైట్‌లో ఉంచి ఊరుకుంటే అది బట్వాడా కాదు.

అందినట్టు రుజువు ఉండాలని పాత చట్టం ఏదైనా కోరి ఉంటే, రుజువు చూపగల ఎలక్ట్రానిక్ పద్ధతినే వాడాలి. సమ్మతి వెనక్కి తీసుకున్నా అంతకుముందు పంపిన పత్రాల చెల్లుబాటు పోదు. సమ్మతి తీసుకోవడంలో లోపం జరిగిందన్న ఒక్క కారణంతో పాలసీ రద్దు కాదు. ఇది పాలసీదారుకూ మేలే. సాఫ్ట్‌వేరు మారి పత్రాలు తెరుచుకోని పరిస్థితి వస్తే సంస్థ మళ్లీ తెలియజేయాలి, సమ్మతి వెనక్కి తీసుకునే అవకాశం మళ్లీ ఇవ్వాలి. పాలసీదారు, సంస్థ ఒప్పుకున్న ఎలక్ట్రానిక్ పద్ధతిలో లోపం జరిగితే, తన నిర్లక్ష్యం లేనంతవరకు ఏజెంటును బాధ్యుణ్ణి చేయకూడదని ఇ-సైన్‌లోనే ఉంది.

ఈ-మెయిల్ తిరిగి వచ్చేస్తే ఏం చేయాలన్నది మంచి చట్టాన్ని, మామూలు చట్టాన్ని వేరుచేసే గీత. చిరునామా పనిచేయడం లేదని తెలిసిన తర్వాత కూడా అదే పెట్టెలోకి నోటీసులు పంపుతూ, పంపాం కదా అనే హక్కు ఏ సంస్థకూ ఉండకూడదు. జీవిత బీమా పాలసీల రద్దు నోటీసుల విషయంలో కాలిఫోర్నియా బీమా కోడ్‌లోని 38.6 సెక్షను ఇంకా ముందుకు వెళ్లింది. గ్రహీత మెయిల్ తెరిచినట్టో, సైట్‌లోకి వెళ్లి పత్రం దించుకున్నట్టో ఆధారం ఉండాలి. లేకపోతే మామూలు తపాలాలో మళ్లీ పంపాలి. ‘పంపాం’ అన్న మాటను ‘చేరింది’ దాకా తీసుకువెళ్లిన నిబంధన ఇది. ఆరోగ్య బీమాకు ఇలాంటిదే అన్ని రాష్ట్రాల్లోనూ ఉండవలసింది.

యజమాని ఇచ్చే సమ్మతి

గ్రూపు ఆరోగ్య బీమాలో ఇటీవలి సంవత్సరాల్లో వచ్చిన పెద్ద మార్పు ఇదే, ఎక్కువ వాదన జరిగిందీ దీని మీదే. వేలమంది ఉద్యోగుల నుంచి ఒక్కొక్కరి సమ్మతి తీసుకోవడం కష్టమని, ఆ సమ్మతిని వారి తరఫున యజమానే ఇవ్వగలగాలని బీమా సంస్థలు కోరాయి. కొన్ని రాష్ట్రాలు ఒప్పుకుని చట్టాలు సవరించాయి. సాధారణంగా అందులో రెండు రక్షణలు ఉంటాయి. ఉద్యోగి తన రోజువారీ పనిలో కంప్యూటరు, ఈ-మెయిల్ వాడతాడని యజమాని నిర్ధారించాలి. వద్దనుకునే అవకాశాన్ని సంస్థ ఉద్యోగికి ఇవ్వాలి. అంటే నోరు తెరిచి కాదనకపోతే ఒప్పుకున్నట్టే.

ఈ ఆలోచనకు కేంద్ర కార్మిక శాఖ 2002లో చేసిన నిబంధన పూర్వరూపం. ఎరిసా పథకాల్లో, తన పనిలో భాగంగానే యాజమాన్యపు కంప్యూటరు వ్యవస్థను వాడే ఉద్యోగికి విడి సమ్మతి లేకుండా ఎలక్ట్రానిక్‌గా పత్రాలు పంపవచ్చు. గోదాములో పెట్టెలు మోసేవారికి, ఆసుపత్రిలో గదులు ఊడ్చేవారికి పంపాలంటే వారి సమ్మతి కావాలి. 2020లో అదే శాఖ మరింత ఉదారమైన పద్ధతి తెచ్చింది. పత్రాన్ని సైట్‌లో పెట్టి కబురు చేస్తే చాలంది. కానీ దాన్ని పదవీ విరమణ పథకాలకే పరిమితం చేసి, ఆరోగ్య పథకాలను పక్కన ఉంచింది. ఆ జాగ్రత్త సరైనదే. పెన్షను లెక్క నెల ఆలస్యంగా చూసినా సరిదిద్దుకోవచ్చు, చికిత్స తిరస్కరణ విషయంలో ఆ వీలు ఉండకపోవచ్చు.

ఉద్యోగి తరఫున యజమాని ఇచ్చే సమ్మతిలో ఒక లోపం ఉంది. ఉద్యోగి మెయిల్ చూస్తాడు సరే, ఆ పాలసీ మీదే ఆధారపడిన భార్యో భర్తో పిల్లలో ఆ మెయిల్ చూడరు. ఉద్యోగం పోయిన రోజు సాయంత్రానికి ఆఫీసు ఖాతా మూతపడుతుంది. సరిగ్గా బీమా నోటీసులు అత్యవసరమయ్యే వారంలోనే ఆ పెట్టెకు తాళం పడుతుంది.

గడువులు, రద్దు నోటీసు

2010 నాటి అఫర్డబుల్ కేర్ చట్టం వచ్చాక తిరస్కరణ నోటీసు అందిన నాటి నుంచి సంస్థలోనే అప్పీలు చేసుకోవడానికి 180 రోజులు ఉంటాయి. అక్కడా కాదంటే బయటి సమీక్ష కోరడానికి నాలుగు నెలలు. ఉద్యోగం పోయాక పాత గ్రూపు బీమాను సొంత ఖర్చుతో కొనసాగించుకునే కోబ్రా హక్కుకు 60 రోజులు. అఫర్డబుల్ కేర్ చట్టం కింద నడిచే బీమా మార్కెట్‌ప్లేస్‌లో ప్రభుత్వ సబ్సిడీతో పాలసీ కొన్నవారు ప్రీమియం కట్టలేకపోతే మూడు నెలల వెసులుబాటు ఉంటుంది. అప్పటికీ బకాయి తీర్చకపోతే మొదటి నెల చివరితోనే పాలసీ ముగిసినట్టు లెక్క. రెండు, మూడు నెలల్లో చేయించుకున్న చికిత్స బిల్లులు రోగి మీద పడతాయి. ఒక నోటీసు చూడకపోవడం ఎంత ఖరీదైనదో ఈ ఒక్క నిబంధన చెబుతుంది.

నెట్ అందరికీ ఉందన్న వాదనకు ప్యూ పరిశోధన సంస్థ 2021 లెక్కలే జవాబు. ఏడాదికి 30 వేల డాలర్లలోపు ఆదాయమున్న కుటుంబాల్లోని పెద్దల్లో 24 శాతం మందికి స్మార్ట్‌ఫోను లేదు. 43 శాతం మందికి ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ లేదు. సబ్సిడీ పాలసీలు ఎక్కువగా కొనేది తక్కువ ఆదాయమున్నవారే.

ఇంట్లోవాళ్ల కంట పడకూడని ఉత్తరం

ఎలక్ట్రానిక్ బట్వాడా కాగితం కంటే మేలైన సందర్భం ఒకటి ఉంది. అమెరికాలో 26 ఏళ్లు వచ్చేదాకా పిల్లలు తల్లిదండ్రుల పాలసీలో ఉండవచ్చు. ఏ డాక్టరుకు ఎంత చెల్లించిందీ వివరించే పత్రం పాలసీదారు పేరిట ఇంటికి వస్తుంది. మానసిక చికిత్స తీసుకుంటున్న కొడుకు, గర్భనిరోధక మాత్రలు వాడుతున్న కూతురు, భర్త కొట్టిన దెబ్బలకు కట్టు కట్టించుకున్న భార్య ఆ కవరుకు భయపడి చికిత్సే మానేసే ప్రమాదం ఉంది.

కాలిఫోర్నియా 2013లో ఎస్‌బీ 138 అనే చట్టం చేసి 2015 నుంచి అమల్లో పెట్టింది. సున్నితమైన చికిత్సల వివరాలను పాలసీదారుకు కాక చికిత్స పొందిన వ్యక్తి చెప్పిన చిరునామాకు, చెప్పిన పద్ధతిలో పంపమని కోరే హక్కు ఇచ్చింది. 2021లో చేసిన ఏబీ 1184 చట్టం 2022 జులై నుంచి ఆ రక్షణను పెంచింది. ఫోనులోగానీ ఎలక్ట్రానిక్‌గాగానీ కోరితే 7 రోజుల్లో, తపాలాలో కోరితే 14 రోజుల్లో సంస్థ దాన్ని అమలు చేయాలి. ఒరెగాన్ 2015లో, మసాచుసెట్స్ 2018లో ఇదే దారి పట్టాయి. ఇక్కడ ఎలక్ట్రానిక్ పద్ధతిని ఎంచుకున్నది సంస్థ కాదు, రోగి.

భాష

పత్రం చేరినా అర్థం కాకపోతే ప్రయోజనం లేదు. ప్రయోజనాల సారాంశం నాలుగు కాగితాలు దాటకూడదని, అక్షరాలు 12 పాయింట్లకు తగ్గకూడదని కేంద్ర నిబంధన. 2012 సెప్టెంబరు 23 నుంచి ఇది అమల్లో ఉంది. భాషా సహాయం ఉచితంగా దొరుకుతుందన్న సూచనను రాష్ట్రంలో ఎక్కువగా మాట్లాడే 15 భాషల్లో జతచేయాలని 2016లో ఆరోగ్య శాఖ నియమం పెట్టింది. 2020లో దాన్ని తీసేసి, 2024లో మళ్లీ తెచ్చింది. ఆ సూచనకు శాఖ తయారుచేయించిన అనువాదాల్లో తెలుగు కూడా ఉంది. ఎలక్ట్రానిక్ పత్రంలో ఈ సూచన చాలాసార్లు చివరి పేజీకో, ఒక లింకు వెనక్కో చేరుతుంది. ఇంగ్లీషు రాని తల్లిదండ్రులు అక్కడిదాకా వెళ్లి చూడడం అరుదు.

భారతదేశంలో

భారత రాజ్యాంగంలో బీమా కేంద్ర జాబితాలోని 47వ అంశం. అందువల్ల ఆంధ్రప్రదేశ్, తెలంగాణ శాసనసభలు దీనిపై చట్టం చేయలేవు. హైదరాబాదు కేంద్రంగా ఉన్న బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిబంధనలే దేశమంతటా వర్తిస్తాయి. 2013 సెప్టెంబరులో బీమా రిపాజిటరీల వ్యవస్థ మొదలైంది. 2016లో ఎలక్ట్రానిక్ పాలసీల జారీకి నిబంధనలు వచ్చాయి. 2024 ఏప్రిల్ 1 నుంచి పాలసీలను ఎలక్ట్రానిక్ రూపంలో ఇవ్వడం తప్పనిసరి అయింది, కోరినవారికి కాగితం ప్రతి కూడా ఇవ్వాలి. మన సమాచార సాంకేతిక చట్టంలోని 13వ సెక్షను కూడా గ్రహీత చెప్పిన కంప్యూటరులోకి సందేశం ప్రవేశించడాన్నే అందడంగా లెక్కిస్తుంది. అది 2000 అక్టోబరు 17న, అంటే ఇ-సైన్ అమల్లోకి వచ్చిన నెలలోనే, అమలైంది.

అమెరికాలో ఉంటున్న తెలుగు కుటుంబాలు ఈ చట్టాల నుంచి తెలుసుకోవలసింది ముఖ్యంగా ఒకటుంది. చాలామందికి వీసా, ఉద్యోగం, బీమా ఒకే ముడిలో ఉంటాయి. ఉద్యోగం పోతే ఆఫీసు మెయిల్ కూడా పోతుంది. బీమా సంస్థ దగ్గర మీ పేరిట ఏ చిరునామా నమోదై ఉందో ఈ వారమే చూడండి. అది ఆఫీసుదైతే సొంత మెయిల్‌కు మార్చండి, ఇంటి చిరునామా సరిచేయండి. రద్దు, తిరస్కరణ నోటీసులు మాత్రం కాగితం మీదే పంపమని రాసి అడగండి.